సూరత్‌లో 243

నా ముందు నాలుగు పేజీల ఇంగ్లీషు పత్రం ఒకటి ఉంది. దానికి అవతల చాపమీద మా బావ కూర్చున్నాడు. ఆయన వెనుక గుమ్మానికి ఆనుకుని పదిహేడేళ్ళ మా మేనల్లుడు నిలుచుని, కనురెప్ప వేయకుండా నా ముఖంలోకి చూస్తున్నాడు. వంటింట్లో అక్క గిన్నెల చప్పుడు ఆపివేసింది. 2025 డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం సూరత్ నగరంలోని లింబాయత్ పేటలో జరిగిన సంగతి ఇది.

"సదువు బామ్మర్దీ. దీంట్ల ఏమున్నదో తెలుగుల చెప్పు. నువ్వు చెప్పినంకనే నా సంతకం," అన్నాడు బావ.

దక్షిణాదిన ఉన్న ఒక మోటోక్రాస్ శిక్షణ శిబిరం వారి అంగీకార పత్రమది. పద్దెనిమిదేళ్ళు నిండనివాడు ఆ శిబిరంలో చేరాలంటే తల్లిదండ్రులలో ఒకరు చేవ్రాలు చేయాలి. మొదటి పేజీ నిరపాయంగానే ఉంది: పేరు, వయస్సు, రక్తం గ్రూపు. రెండవ పేజీ మధ్యలో ఒక వాక్యం నన్ను ఆపివేసింది. మోటారు క్రీడ స్వభావసిద్ధంగానే ప్రమాదకరమైనదనీ, దానివల్ల శరీరానికి గాయాలు, శాశ్వత వైకల్యం, మరణం సంభవించవచ్చుననీ తెలిసే నా బిడ్డను పంపుతున్నాననీ తండ్రి ఒప్పుకోవాలి.

నేను ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా అనువాదమే నా జీవనాధారం. ఔషధాల సీసాల మీది సూచనల నుంచి రష్యను నవలల ఇంగ్లీషు ప్రతుల వరకు తెలుగులోకి మార్చాను. ఆ ఒక్క వాక్యానికి నాకు వెంటనే నోరు పెగలలేదు. కుర్రవాడికి ఇంగ్లీషు వచ్చు. ఆ పేజీలో ఏముందో వాడికి తెలుసు. తండ్రితో మాత్రం, "పర్మిషన్ కాయితం నాయినా" అని చెప్పి ఊరుకున్నాడు.

"రెండు రోజులు గడువు ఇయ్యి బావా. అసలు ఆ ఆట ఏమిటో తెలుసుకుని చెబుతాను," అన్నాను.

బావ సరేనన్నాడు. మేనల్లుడు కళ్ళు దించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

* * *

వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారికి సూరత్ ఒక రాత్రి, ఒక పగటి దూరం. బల్లార్షా, వార్ధా, భుసావల్ దాటి, నందుర్‌బార్ మీదుగా రైలు గుజరాతులో ప్రవేశిస్తుంది. చెరకు తోటలు వెనకబడి ఉధ్నా సమీపించేసరికి రంగులద్దే మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తాయి. ఈ దారిన యాభై అరవై ఏళ్ళుగా తెలుగు నేతవారు వస్తూనే ఉన్నారు. సిరిసిల్ల, కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు కొందరు షోలాపురానికీ, కొందరు భివండీకీ, కొందరు ఇక్కడికీ చేరారు. మరమగ్గాన్ని వారు సాంచా అంటారు. లింబాయత్ వీధులలో దుకాణాల మీద గుజరాతీ, మరాఠీ అక్షరాల నడుమ తెలుగు అక్షరాలు కూడా కనిపిస్తాయి. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలలలో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి. దసరా ముందర ఆడవాళ్ళు వీధిలో బతుకమ్మను పేర్చి ఆడతారు.

మా బావ 1993లో, పద్దెనిమిదేళ్ళ వయస్సులో, తండ్రి వెంట వచ్చాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో నగరాన్ని ప్లేగు భయం పట్టుకుంది. లక్షలాది జనం దొరికిన రైలు ఎక్కి పారిపోయారు. బావ కూడా సిరిసిల్ల పారిపోయి, నెలన్నర తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుంచి విడిచిన నీటితో తాపీ నది నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆయన అద్దెకు నడుపుతున్న నాలుగు సాంచాలూ బురదలో కూరుకుపోయాయి. అప్పటినుంచి సొంత సాంచాల ఊసెత్తకుండా కూలికే పనిచేశాడు. ఆరేళ్ళ క్రితం నేత మాని, అచ్చుబట్టల కార్ఖానాలో యంత్రం నడిపే పనికి కుదిరాడు. సాంచాల మధ్య గడిపిన ఏళ్ళ మూలంగా ఆయనకు వినికిడి బాగా తగ్గిపోయింది. ఆ ఇంట్లో అందరూ గొంతు పెంచే మాట్లాడతారు. కొత్తగా వెళ్ళినవారికి పోట్లాడుకుంటున్నారేమో అనిపిస్తుంది.

సూరత్‌కు వచ్చిన ఇంగ్లీషు విద్యార్థి ఇంగ్లీషువారి సమాధులు చూడకుండా తిరిగి వెళ్ళకూడదంటారు. 1613లో వారు ఇక్కడ తమ వర్తక స్థావరాన్ని ఏర్పరచుకున్నారు. 1615లో రాయబారి సర్ థామస్ రో దిగినది ఈ తీరంలోనే. 1669లో మరణించిన సర్ జార్జి ఆక్సెండెన్ సమాధి, మొగలాయి గుమ్మటాలతో పోటీపడి కట్టిన రెండంతస్తుల భవనం. చూసి వచ్చాను. అయితే ఈసారి నా మనస్సు చరిత్ర మీద లేదు.

* * *

పాఠకులలో చాలామందికి మోటోక్రాస్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. ఆ ఆదివారం వరకు నాకూ తెలియదు.

1924 మార్చిలో ఇంగ్లండులోని కాంబర్లీ వద్ద కొందరు ఔత్సాహికులు రోడ్డు విడిచి, గుట్టలూ బురదా నిండిన బయలులో మోటారు సైకిళ్ళ పందెం పెట్టుకున్నారు. ఇంగ్లీషువారు దానికి 'స్క్రాంబుల్' అని పేరు పెట్టారు. చేతులతో కాళ్ళతో ఎగబాకుతూ పడుతూ లేస్తూ ముందుకు పోవడమని దాని అర్థం. ఆ పేరు నాకు నచ్చింది. యూరపు ఖండం వారు మాత్రం ఫ్రెంచిలో మోటారు సైకిలుకున్న పేరులో సగమూ, క్రాస్ కంట్రీలో సగమూ తీసి మోటోక్రాస్ అన్నారు. చివరికి ఆ పేరే నిలిచింది. 1952లో యూరపు ఛాంపియన్‌షిప్ మొదలైంది. 1957లో అదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయింది. ఆ ఏడు 500 సి.సి. తరగతిలో గెలిచినవాడు స్వీడనుకు చెందిన బిల్ నిల్సన్.

ఇప్పటి పద్ధతి ఇది. నలభై మంది వరకు రౌతులు ఒకే వరుసలో నిలుస్తారు. వారి ముందు ఇనుప గేటు ఉంటుంది. అది పడిపోగానే అందరూ ఒక్కసారిగా మొదటి మలుపు మీదికి దూసుకుపోతారు. ఒక్కొక్క పందెం ముప్పయి నిమిషాలు, ఆపైన రెండు చుట్లు. రోజుకు అటువంటివి రెండు. గెలిచినవాడికి 25 పాయింట్లు, రెండవవాడికి 22, మూడవవాడికి 20. ఇలా ఏడాది పొడుగునా దేశదేశాలు తిరిగి, మొత్తం ఎవరికి ఎక్కువైతే వాడు విజేత. పెద్ద బండ్లు 450 సి.సి.వి, చిన్నవి 250 సి.సి.వి. చిన్న తరగతిలో ఇరవైమూడేళ్ళు దాటినవారికి ప్రవేశం లేదు.

తండ్రులూ కొడుకులూ ఈ ఆటలో మనం అనుకున్నదానికన్న ఎక్కువగా కనిపిస్తారు. బెల్జియం దేశస్థుడు హ్యారీ ఎవర్ట్స్ నాలుగుసార్లు ప్రపంచ విజేత. అతని కొడుకు స్టెఫాన్ పదిసార్లు గెలిచాడు. 2006లో, తన చివరి సంవత్సరంలో, స్టెఫాన్ పదిహేను గ్రాండ్ ప్రీ పోటీలలో పద్నాలుగు గెలిచి ఆట విరమించాడు. అమెరికావారు ఈ ఆటను బయలు నుంచి స్టేడియంలోకి తెచ్చారు. 1972లో లాస్ ఏంజిలిస్ కొలీజియంలో లారీలతో మట్టి తోలించి దిబ్బలు కట్టించారు. ఆ రాత్రి గెలిచిన మార్టీ ట్రైప్స్ వయస్సు పదహారు సంవత్సరాలు. ఈ వివరం మా మేనల్లుడు నాకు రెండుసార్లు చెప్పాడు.

థాయిలాండు, ఖతార్, ఇండోనేషియా, చైనా దేశాలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు జరిగాయి. మన దేశంలో అటువంటి పోటీ ఇంతవరకు జరగలేదు. అయితే 2024 జనవరి, ఫిబ్రవరి నెలలలో పుణే, అహమ్మదాబాదు, బెంగుళూరులలో సూపర్‌క్రాస్ లీగ్ ఒకటి నడిచింది. విదేశాల రౌతులు కూడా వచ్చి పాల్గొన్నారు. ఆ ఫిబ్రవరి 11న అహమ్మదాబాదు స్టేడియంలో చూసిన పోటీతోనే మావాడి జీవితం ఒక మలుపు తిరిగింది. అప్పుడు వాడికి పదిహేనేళ్ళు. టిక్కెట్టు కొని తీసుకుపోయింది బావే. అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

* * *

సోమవారం పగలు బావ వెంట కార్ఖానాకు వెళ్ళాను. సూరత్‌లో పట్టుకన్న, పత్తికన్న పాలియెస్టరే అధికం. ఆ చీరలూ దుపట్టాలూ రింగురోడ్డు మార్కెట్ల నుంచి దేశం నలుమూలలకూ పోతాయి. ఈ కార్ఖానాలో మాత్రం ఆటల చొక్కాలకు గుడ్డ అచ్చువేస్తారు. పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. బొమ్మను ముందు కాగితం మీద, అద్దంలో ప్రతిబింబంలా కుడి ఎడమలు మార్చి, ముద్రిస్తారు. ఆ కాగితాన్ని తెల్లని పాలియెస్టర్ గుడ్డతో జతచేసి, సుమారు రెండు వందల డిగ్రీల వేడిలో తిరిగే పెద్ద పీపాకు అదిమిపెట్టి పంపుతారు. ఆ వేడికి రంగు కరగకుండానే ఆవిరై దారంలోకి దూరిపోతుంది. తరువాత ఎన్నిసార్లు ఉతికినా పోదు. పత్తి గుడ్డ మీద ఈ పని సాగదు. అవతలి వైపున వెలిసిపోయిన కాగితమూ, రంగులీనే గుడ్డా విడివిడిగా బయటికి వస్తాయి. నా వృత్తి కూడా దాదాపు ఇటువంటిదేననిపించింది. కాకపోతే మా పనిలో తరచుగా వెలిసిపోయేది గుడ్డే.

ఆ రోజు అచ్చవుతున్నవి మోటోక్రాస్ చొక్కాలు. ఊరూరా బండ్ల సంఘాల కుర్రవాళ్ళు తమకిష్టమైన రంగులలో, తమకిష్టమైన అంకెతో చేయించుకుంటారట. అంకె అనేది ఈ ఆటలో దాదాపు ఇంటిపేరు వంటిది. తొమ్మిదిసార్లు ప్రపంచ విజేత అయిన ఇటలీవాడు ఆంటోనియో కైరోలీది 222. హాలండుకు చెందిన జెఫ్రీ హెర్లింగ్స్‌ది 84. పీపా మీదుగా 84లు, 222లు వరుసగా జారివచ్చాయి. వాటి వెనుక 243లు వచ్చాయి. అవి మిగిలినవాటికన్న ఎక్కువ.

"గీ రెండొందల నలబై మూడు మస్తు మంది అడుగుతరు బామ్మర్దీ. ఎందుకో తెల్వదు," అన్నాడు బావ, యంత్రపు హోరును మించిన గొంతుతో.

ఆయన గుడ్డను వేలికొసలతో పట్టి, అంకె వంకర పోలేదు కదా అని చూశాడు. నేత విడిచినా పడుగూ పేకా సరిచూసే ఆ చెయ్యి మారలేదు.

* * *

ఆ సాయంత్రం మేనల్లుడు నన్ను డూమస్ సముద్రతీరానికి తీసుకువెళ్ళాడు. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. నగరవాసులు ఆ తీరాన్ని గురించి దయ్యాల కథలు చెప్పుకుంటారు. చెప్పుకుంటూనే సకుటుంబంగా వచ్చి టమాటా బజ్జీలు తింటారు. మేమూ ఒక పొట్లం కొనుక్కుని నీటి అంచున నడిచాము.

వాడు అప్పుడప్పుడు మాత్రమే బండి ఎక్కుతాడు. సహాధ్యాయి ఒకడి తండ్రి బట్టల వ్యాపారి. అతని వద్ద మోటోక్రాస్ బండి ఉంది. ఊరి బయట వారి ఖాళీ స్థలంలో వంతుల ప్రకారం నడుపుతారు. సొంతంగా కొనడం కలలో మాట. పోటీలలో వాడే కవాసాకి 250 బండికే 2023 నాటికి సుమారు ఎనిమిది లక్షలు ధర ఉండేది. అంత పోసినా దానిని రోడ్డు మీద నడిపే వీలు లేదు. దీపం ఉండదు, నంబరు పలక ఉండదు, రిజిస్ట్రేషన్ కాదు. శిబిరంలో అయితే బండీ, శిరస్త్రాణమూ, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లూ వారే ఇస్తారు. ఆరు రోజులకు రుసుము బావ నెలన్నర జీతం.

"ఇసుక మీద నడిపితే ఎట్లుంటదో తెలుసా మామా? బెల్జియంల లోమ్మెల్ అని ఉన్నది. అంతా ఇసుకనే. పొద్దున సాపుగ ఉంటది. పదిమంది పోంగనే చాళ్ళు పడతయి. గంటకు అలల లెక్క అయితది. ఆగినవో కూరుకపోతవు. గట్టిగ పోవుడే," అని కాలితో ఆ నల్ల ఇసుకలో చాలు గీసి చూపించాడు.

వాడు ఆ మాట అన్నప్పుడు నేను నిలబడిపోయాను. ముందటి రాత్రంతా పత్రంలోని మాటలకు తెలుగు వెతుకుతూ, చక్రాలు తవ్విన గాడికి సరైన పేరు దొరక్క అవస్థపడ్డాను. నాగలి చాలు అనే మాట వీడి నోట ఊరికే వచ్చింది. వీడు పుట్టి పెరిగింది సూరత్‌లో. నాగలి వెంట ఒక్కరోజు కూడా నడిచినవాడు కాడు.

అహమ్మదాబాదులో చూసిన ఫ్రెంచివాడు జోర్డి టిక్సియర్ గురించి అడిగాను. కథ చెప్పుకొచ్చాడు. 2014లో చిన్న తరగతి టైటిల్ హెర్లింగ్స్‌దేనని అందరూ అనుకున్నారు. అందనంత ముందున్నాడు. మధ్యలో తొడ ఎముక విరిగింది. అతడు మంచం మీద ఉండగా టిక్సియర్ ఒక్కొక్క పోటీలో కొంచెం కొంచెంగా ఆ దూరాన్ని తగ్గించాడు. చివరి పోటీ మెక్సికోలో. ఎముక పూర్తిగా అతకకుండానే హెర్లింగ్స్ వచ్చి బండి ఎక్కాడు. సంవత్సరమంతా ఆడిన ఆట నాలుగు పాయింట్ల తేడాతో తేలింది. గెలిచినవాడు టిక్సియర్.

"అట్లాంటోణ్ణి మన అహమ్మదాబాదుల, ఇంత దగ్గర్నుంచి చూసిన మామా," అని వాడు నాకూ తనకూ మధ్య ఉన్న జానెడు దూరం చూపించాడు.

వాడు చెప్పిన కథలన్నిటిలోనూ ఎక్కడో ఒక ఎముక విరుగుతూనే ఉంది. బెంగుళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన మొట్టమొదటి భారతీయుడు. 2021 జనవరిలో అదే ర్యాలీలో, సౌదీ అరేబియా ఎడారిలో, పడిపోయాడు. తలకు దెబ్బ తగిలితే వైద్యులు మందులతో కొన్నాళ్ళు స్పృహ లేకుండా ఉంచారు. 2024 లీగ్‌లో విజేతగా నిలిచినది ఆయన జట్టే. ఇది కూడా మావాడు ఉత్సాహంగానే చెప్పాడు.

"మరి 243 ఎవరిదిరా?" అన్నాను.

వాడి ఉత్సాహం తగ్గింది. కొంతసేపటికి చెప్పాడు. స్లొవేనియా దేశస్థుడు టిమ్ గైజర్ అంకె అది. ఐదుసార్లు ప్రపంచ విజేత. తండ్రి బోగోమిర్ కూడా రౌతే. టిమ్‌కు జాన్ అనే అన్న ఉండేవాడు. మూడేళ్ళ వయస్సులో ఆ పిల్లవాడు ట్రాక్ మీదికి వచ్చి, తండ్రి నడుపుతున్న బండి తగిలి చనిపోయాడు. అతడు పుట్టినది మూడవ నెల 24వ తేదీ. ఆ తేదీనే తమ్ముడు వీపు మీద వేసుకుని తిరుగుతున్నాడు.

"నాయినకు తెల్వదు. నువ్వు చెప్పకు మామా," అన్నాడు.

చెప్పనని గాని, చెబుతానని గాని నేను అనలేదు. బస్సులో ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

* * *

మంగళవారం గోపీపురాలో కవి నర్మద్ ఇల్లు చూడబోయాను. గుజరాతీ భాషకు పెద్ద నిఘంటువును ఒంటిచేత్తో సమకూర్చి 1873లో వెలువరించినవాడు ఆయన. ఒక మనిషి ఒక ఇంట్లో కూర్చుని ఒక భాషలోని మాటలన్నీ పోగుచేశాడంటే మావంటివారికి అది కాశీ యాత్రతో సమానం. కాని అక్కడ నిలబడి కూడా నేను ఆలోచించింది ఒక్క వాక్యం గురించే. 'అపాయం సంభవించవచ్చు' అంటే చాలదా? అది అబద్ధమూ కాదు. శాశ్వత వైకల్యాన్నీ మరణాన్నీ కలిపి 'తీవ్ర పరిణామాలు' అంటే? ప్రభుత్వ ప్రకటనలలో అటువంటి మాటలు నేను ఎన్ని వాడలేదు!

రాత్రి దీపాలు పెట్టే వేళకు బావ పనినుంచి వచ్చాడు. అక్క పోంక్ తెచ్చిపెట్టింది. అది మన ఊచబియ్యమే. చలికాలంలో సూరత్ అంతటా లేత జొన్నకంకులు కాల్చి, దులిపి అమ్ముతారు. తింటూ ఉండగా పత్రం బయటికి వచ్చింది.

మొదటి పేజీ చదివాను. రెండవ పేజీ మొదలుపెట్టాను. మేనల్లుడు ఎప్పటిలాగే గుమ్మం దగ్గర నిలుచున్నాడు. ఆ వాక్యం వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గింది.

"...గాయాలు కావచ్చు, శాశ్వతంగా అంగవైకల్యం రావచ్చు, మరణం కూడా..."

"ఏంది? వినవడలే," అన్నాడు బావ, చెవి ముందుకు చాచి.

"మరణం."

"ఆఁ?"

"సావు బావా! సావు కూడ రావచ్చునట! అది తెలిసే పంపుతున్నానని నువ్వు రాసియ్యాలి!"

ఆ కేక వీధిలోకి కూడా వినిపించి ఉంటుంది. అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"దీపం పెట్టే యాళ్ళ గా మాట అనుడేందిరా తమ్మీ," అంది. నావైపు కాక కొడుకువైపు చూస్తూ అంది.

ఎవరూ మాట్లాడలేదు. బావ చేతిలోని గింజలు పళ్ళెంలో పెట్టి, పత్రాన్ని తన వైపు తిప్పుకుని, తనకు రాని అక్షరాల మీద వేలు పెట్టాడు. ఆ మాట ఎక్కడున్నదో చూపమన్నాడు. చూపించాను. అయిదక్షరాల ఇంగ్లీషు మాట. దాని మీద వేలు అలాగే ఉంచి కొంతసేపు కూర్చున్నాడు.

"నేను సాంచల కాడికి వచ్చిననాడు మా నాయిన ఏ కాయితం మీద సంతకం పెట్టలే," అన్నాడు చివరికి. అది కొడుకుకు అనుకూలమో ప్రతికూలమో నాకు బోధపడలేదు. పత్రాన్ని మడిచి దేవుడి పటం వెనుక దోపి నిద్రకు పోయాడు.

మేనల్లుడు ఆ రాత్రి నాతో పలకలేదు. వాడు ఆశించినది మెత్తని మాట. నేనూ అదే అందామనుకున్నవాణ్ణి. బావకు చెవులు సరిగ్గా వినిపించి ఉంటే ఏమి చేసి ఉండేవాణ్ణో ఈనాటికీ నేను ధైర్యంగా చెప్పలేను.

* * *

బుధవారం నా ప్రయాణం. రైలుకు ఇంకా వ్యవధి ఉండగా, వీడ్కోలు చెప్పడానికి కార్ఖానాకు వెళ్ళాను. మేనల్లుడు తండ్రికి భోజనం డబ్బా పట్టుకుని వెంట వచ్చాడు. పీపా ఆగి ఉంది. బల్ల మీద 243 చొక్కాలు దొంతరగా పేర్చి ఉన్నాయి. బావ పై చొక్కాను చేతిలోకి తీసుకుని కొడుకును అడిగాడు.

"ఇది ఎవలదిరా? నీకు ఎర్కే గద."

వాడు ఒకసారి నా వంక చూశాడు. నేను నోరు మెదపలేదు. వాడు తండ్రికి దగ్గరగా జరిగి, చెవి దగ్గర నోరు పెట్టి, కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. అన్న పుట్టిన తేదీ చెప్పాడు. బండి ఎవరు నడిపారో అదీ దాచలేదు. యంత్రాలు ఆగి ఉన్నందువల్ల పక్కన గుడ్డ మడత పెడుతున్న ఒరియా కుర్రవాడు కూడా పని ఆపి, భాష తెలియకపోయినా, వాళ్ళ ముఖాలే చూస్తున్నాడు.

బావ ఆ అంకెను బొటనవేలితో నిమిరాడు. ఇన్నాళ్ళుగా ఆయన చేతులమీదుగా ఎన్ని వందల 243లు పోయాయో.

"ఆ తండ్రి... మల్ల రెండోవాణ్ణి బండి ఎక్కనిచ్చిండా?"

"ఎక్కనిచ్చిండు నాయినా. నేర్పిందే ఆయన."

బావ చొక్కాను మడత చెడకుండా దొంతర మీద పెట్టాడు. ఆపైన ఆ సంగతి ఎత్తలేదు. డబ్బా విప్పి భోజనం చేశాడు, నన్నూ రెండు ముద్దలు తినమన్నాడు. తిరుగు ప్రయాణంలో అక్కడి ఘారీ మిఠాయి పాడవుతుందా, రైలులో కింది బెర్తు దొరికిందా అని అడిగాడు. నా సంచీ తానే పట్టుకుని రోడ్డు దాకా వచ్చాడు. ఆటో మాట్లాడి నన్ను కూర్చోబెట్టాడు.

ఆటో కదలబోతుండగా కమ్మీ పట్టుకుని ఆపాడు.

"బామ్మర్దీ, సంతకం తెలుగుల పెడితే చెల్లుతదా? ఇంగ్లీషుల నాకు రాయ రాదు."

"చెల్లుతుంది బావా," అన్నాను, ఆయనకు వినిపించేటంత గట్టిగా.